మధ్యలో మానేసినవారు

ఆగస్టు 9, శుక్రవారం

అక్కకి చెల్లెలు నమస్కరించి రాసేది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దది పరీక్షలు ఎలా రాసిందో నువ్వు చెప్పనేలేదు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నాలుగుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాను.

రోగి వెళ్ళిపోయాక ఫైలు మా రికార్డు గదికి వస్తుంది. మనిషి పోయినా కాగితం పోకూడదు. పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం అదే. పోయిన నెల సూపరింటెండెంటుగారు స్వయంగా మెట్లు దిగి మా గదికి వచ్చారు. రెండేళ్ళ కిందట మా ఆసుపత్రిలో కొత్త గుండె మందు మీద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు ఇప్పుడు జనమందరూ చూసేలా ప్రకటించాలి. మందు వికటించి పోయినవాళ్ళు పదకొండుమంది. "నలుగురేనమ్మా. మిగతా ఏడుగురూ మందు మధ్యలో మానేశారు. ఆ ముక్క ఫైళ్ళ మీద రాసెయ్," అన్నారు, టీ తెమ్మన్నంత తేలిగ్గా. రాశాను అక్కా. ఏడింటి మీదా, ఈ చేత్తోనే.

సోమవారం ఒకమ్మాయి కౌంటరు దగ్గరికొచ్చి, వాళ్ళమ్మ ఫైలు నకలు అడిగింది. ఆ ఏడింటిలో ఒకటి. దొరకలేదన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. "నేను ఎవరి మీదా కేసు పెట్టనండీ. ఆ పూట మాత్ర వేసింది నేనే. నా వల్ల పోయిందో కాదో తెలిస్తే చాలు," అంది. ఇక అబద్ధమాడటం నా వల్ల కాలేదు. లోపలికెళ్ళి నేను రాసిన ముక్క ఏడింటి మీదా కొట్టేసి, అసలు సంగతి రాసి, సంతకం పెట్టాను. ఆమెకి నకలు ఇచ్చాను. మొత్తం ఏడింటి నకళ్ళూ పరిశోధనల్ని తనిఖీ చేసే బయటి కమిటీకి పంపాను.

అప్పట్నుంచీ మెట్ల మీద చప్పుడైతే చాలు, పై ప్రాణాలు పైనే పోతున్నాయి. రోజూ నాతో భోంచేసే నర్సు ఇప్పుడు వేరే బల్ల దగ్గర కూర్చుంటోంది. నిన్న నా దగ్గర తాళాలు తీసేసుకున్నారు. "రాత నీది, దిద్దుబాటూ నీదే. నా పేరెక్కడుందమ్మా?" అని సూపరింటెండెంటుగారు నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. వచ్చే మంగళవారం నా మీద విచారణ.

ఇవాళ కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రకటన ఆపేశారట. ఏడు కుటుంబాలకీ వాళ్ళే నిజం తెలియజేస్తారట. సంతోషించాల్సిన మాటే. చదవగానే మాత్రం నీకు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నీ కోపాన్ని కూడా దీవెనగానే తీసుకునే,
నీ చెల్లెలు

తా.క. వాళ్ళ కబురు అందేలోపు నా చేతిరాతతోనే నీకు తెలియాలి. ఆ ఏడింటిలో బావ ఫైలు ఒకటి. బావ పోయింది జబ్బుతో కాదక్కా, ఆ మందుతో. పరిశోధనకి ఒప్పుకుంటున్నట్టు ఉన్న కాగితం మీద నీ సంతకం పెట్టింది నేను. ఆ ఉదయం నువ్వు వార్డు బయట బెంచీ మీద అలిసిపోయి నిద్రపోతున్నావు, లేపబుద్ధి కాలేదు. మంచి మందన్నారు. పందొమ్మిదేళ్ళు కాగితాల మధ్య బతికినదాన్ని, ఆ ఒక్కటీ చదవలేదు. మంగళవారం ఇదీ చెబుతాను. చెప్పాక మీ ఇంటికే వస్తాను. నువ్వు తలుపు తీయకపోయినా గుమ్మంలో కూర్చుంటాను.