పడవ ప్రకటనల అంచుల్లో రాసినవి

నా భార్య ఉదయలక్ష్మి 2025 జూలై 29, మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆసుపత్రిలో చనిపోయింది. పదకొండింటికి కాస్త మజ్జిగ తాగింది. డార్లింగ్ హార్బర్ రేవులో ఏటా జరిగే పడవల ప్రదర్శన ఈ వారమే కదా, పేపర్లో ప్రకటన వచ్చిందా అని అడిగింది. మేం తెప్పించుకునే పేపర్లో ఆ ప్రకటన ఆగిపోయి పదేళ్లయింది. మరిచిపోయిందనుకుని, ఆమె దాచుకున్నవాటిలోంచి ఇంటి నుంచి తెచ్చిన పాత ప్రకటన ముక్క ఒకటి ఈ ఏటిదే అన్నట్టు చదివాను. కళ్లు మూసుకునే విన్నది. "అది రెండువేల ఆరుది. ఆ ధరకి ఇప్పుడు తెడ్డు కూడా రాదు. అబద్ధం చదవడం కూడా చేతకాదండీ మీకు" అంది. తర్వాత మాట్లాడలేదు.

పారమట్టాలో ఉంటున్న దివిలి బాలమురళి అనే నేను, వయసు 71, విశ్రాంత ఇంజినీరును, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో ఇది రాస్తున్నాను. దుఃఖంలో ఉన్నాను. మతి మాత్రం స్థిమితంగా ఉంది. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత హారిస్ పార్క్‌లో ఉంటున్న నా స్నేహితుడు కృష్ణమూర్తిది. నా ఒక్క కూతురు శ్రావ్య తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. కాబట్టి ఆమెకు దీన్ని అతనే చదివి వినిపించాలి.

2. ఇల్లు, కారు, బ్యాంకులో ఉన్నదంతా శ్రావ్యకు.

3. కృష్ణమూర్తికి రెండు నారింజరంగు లైఫ్ జాకెట్లు. ఇరవై రెండేళ్లు ప్రదర్శనకు వెళ్లి మేం కొన్నవి అవే. "పడవ కొనరు గాని, పడవల సంతకి మాత్రం పెళ్లివారిలా తయారవుతార్రా మీరు" అని ఏటా ఎగతాళి చేసేవాడు. ఉదయలక్ష్మి నవ్వేది. కొనకపోవడానికి కారణం నేనే. వచ్చే ఏడు చూద్దాం అనేవాణ్ణి. కృష్ణమూర్తికి ఈత రాదు కనుక జాకెట్లు పనికొస్తాయి.

4. మా అన్నయ్య హనుమయ్యకు ఏమీ లేదు. ఉదయలక్ష్మి తండ్రి నరసాపురం రేవులో లాంచీ నడిపే సరంగు. పెళ్లిపందిట్లో అన్నయ్య, "సరంగు కూతురికి మేడమెట్లు ఎక్కడం వచ్చా?" అన్నాడు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. తప్పులో సగం నాది కాబట్టి సగం కోపమే ఉంచుకుంటున్నాను.

5. ఉదయలక్ష్మి 1993 నుంచి 2014 వరకు ఏటా ఆ ప్రదర్శన ప్రకటన కత్తిరించి దాచింది. ఆ రోజు ఎక్కి కూర్చున్న పడవల గురించి అంచుల్లో తెలుగులో రాసేది. "వంటగది ఉంది, గాలి ఆడదు." "ఈ ఇంజను చప్పుడు నాన్న ఒప్పుకోడు." "ఈయన మళ్లీ వచ్చే ఏడు అన్నారు." మిగిలిన పన్నెండు ముక్కలూ శ్రావ్యకు.

మొదటి పది లేవు. పదమూడో రోజు కార్యక్రమం అయ్యాక శ్రావ్య ఇల్లు సర్దడానికి వచ్చి, వాటిని పాత కాగితాలు పారేసే పసుపు మూత బిన్‌లో వేసింది. నేను చూసేసరికి చెత్త లారీ వచ్చి వెళ్లిపోయింది. "డాడ్, అవి జస్ట్ ఓల్డ్ న్యూస్‌పేపర్స్ అనుకున్నా. సారీ, రియల్లీ సారీ" అంది. "మీ అమ్మని చెత్తబండిలో పంపేశావు" అన్నాను. ఆమె తన కారు తాళంచెవులు తీసుకుని వెళ్లిపోయింది. నెల దాటింది. ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.

తల్లి అక్షరాలు ఆమెకు మేం నేర్పలేదు. ఇంగ్లీషు చాలు అన్నది నేనే. చదవలేని కాగితాన్ని పారేసినందుకు ఆమెను నిందించే హక్కు నాకు లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన పదింట్లో ఒకటి నాకు కంఠతా వచ్చు. 1997 నాటిది, అప్పుడు శ్రావ్యకు నాలుగేళ్లు: "పిల్ల చుక్కాని పట్టుకునే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. సేల్స్ అబ్బాయి కూడా గొంతు తగ్గించి మాట్లాడాడు." ఇదీ శ్రావ్యకే.

6. అయిదో నిబంధన రాశాక మొదటిది మళ్లీ చూసుకున్నాను. దాని ప్రకారం, నేను పోయాక, కృష్ణమూర్తి గొంతులో శ్రావ్య నా క్షమాపణ వినాలి. అది సరికాదు. కాబట్టి అయిదో నిబంధన నా మరణం దాకా ఆగదు. రెండు స్టేషన్ల అవతల వెంట్‌వర్త్‌విల్‌లో ఆమె ఇల్లు. రేపు ఆదివారం, ఇంట్లోనే ఉంటుంది. ఆ పన్నెండు ముక్కలూ పట్టుకుని ఉదయం ఎనిమిదింటి రైలుకి వెళ్తాను. ముందుగా ఫోన్ చేయను, చేస్తే వద్దంటుందేమోనని భయం. తలుపు తీస్తే, కూర్చోకముందే క్షమించమని అడుగుతాను. తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

పారమట్టా, 2025 సెప్టెంబర్ 13, శనివారం.

(సంతకం) దివిలి బాలమురళి

మేమిద్దరం చూస్తుండగా ఆయన సంతకం చేశారు. ఆయన ఎదుటే మేమూ చేశాం:
స్నేహ, పక్కింటివారు
అభినవ్, స్నేహ భర్త