ఆరని వార్నిష్

1997 నవంబరు 3
నర్సమ్మ మళ్ళీ కూర్చునే తెల్లవార్చింది. పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు ఆనిస్తాను... జారిపోతుంది. "వెనక్కి వాలే పడక్కుర్చీ ఉంటే ఆవిడకు కాస్త సుఖం" అన్నాడు డాక్టరు. అనడానికేం!

నవంబరు 5
దొరికింది! వన్ టౌన్‌లో పాత బంగళా పడగొడుతున్నారు. చెత్తకుప్ప మీద కాళ్ళు పైకి పెట్టుకుని పడక్కుర్చీ. కేన్ అల్లిక చిరిగిపోయింది. ఒళ్ళంతా ఓడలకేసే బూడిదరంగు, పొర మీద పొర. "పట్టుకుపో, పొయ్యిలోకే కదేటి" అన్నాడు మేస్త్రీ. నర్సమ్మ తమ్ముడు సింహాచలం ఆటో తెచ్చాడు. "నవారు ఏసెయ్ బావ. సాయంత్రానికి అక్క కూకుంటాది."
వేసేవాణ్ణే. కుర్చీ చేతి మీద ఉలితో ఒక్క గీత గీకి చూశాను. బర్మా టేకు.

నవంబరు 9
నాలుగు రోజులుగా గీకుతూనే ఉన్నాను. ఒక్క మేకు లేదు! అన్నీ కొయ్య చీలలే. చేతుల చివర గుండ్రంగా చెక్కాడు, అరచెయ్యి దానంతటదే అక్కడికి పోయి ఆగుతుంది. ఏ మహానుభావుడి పనో. దీనికి రంగు పూయడానికి ఎవడికి చేతులొచ్చాయిరా...
గుమ్మంలోంచి నర్సమ్మ — "దానికి సోకులెందుకు మావా? నాను కూకోడానికా, సూడ్డానికా?"
నవ్వింది. నవ్వితే దగ్గు.

నవంబరు 14
కేన్ అల్లేవాడు ఇవాళా రాలేదు. రేపట. నవారు వెయ్యనా? ఛ, ఈ టేకు మీద నవారా.

నవంబరు 20
అల్లిక అయింది. ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది వార్నిష్ వేశాను. ఎంత అందంగా తేలిందో! కానీ మబ్బు, సముద్రపు గాలి... ఆరి చావదు.
"ఇప్పుడు కూకోనా?"
"ఆరనీవే, అంటుకుంటుంది."
మళ్ళీ గోడకే చేరబడింది.

నవంబరు 22
డ్యూటీ నుంచి వచ్చేసరికి తాళం. పక్కింటావిడ — "ఆయాసం ఎక్కువైపోనాది. తమ్ముడు ఆస్పత్రికి తీసుకుపోనాడు."

నవంబరు 23
ముఖానికి ఆక్సిజన్. కళ్ళు తెరవలేదు. చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు జిగటగా, ఎర్రగా... వార్నిష్.

నవంబరు 24
ఇంటికొచ్చి చూశాను. కుర్చీ చేతులు రెండింటి మీదా వేళ్ళ గుర్తులు. నేను లేనప్పుడు కూర్చుంది. నాకు భయపడి దొంగతనంగా కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో. సుఖంగా ఉందో లేదో.
నవారు వేసి ఉంటే ఆ సాయంత్రమే... నా బుద్ధి గడ్డి తింది. పదిహేడు రోజులు నర్సమ్మను గోడకు కూర్చోబెట్టి, నేను కర్రను ముద్దు చేసుకున్నాను.

నవంబరు 25
నర్సమ్మ అలాగే ఉంది.

నవంబరు 26
"డాక్టరు ఏటీ సెప్పట్లేదు బావ" — సింహాచలం. ఏడ్చి ఉన్నాడు. కాసేపటికి కుర్చీ వైపు చూశాడు. "మచ్చలు పడిపోనాయి. ఉప్పుకాగితం రుద్ది ఇంకో పూత ఏసెయ్. అక్క వొచ్చేసరికి..."
అతను వెళ్ళాక ఉప్పుకాగితం తీశాను. మళ్ళీ పెట్టేశాను.
ఇవాళ ఎండ కాసింది. వార్నిష్ పూర్తిగా ఆరిపోయింది.