మందిరం దారికి బరువు గుండ్లు

కోల్డ్ ఫోర్క్, మోంటానా
ఏప్రిల్ 3

సోదరి డెల్లా రస్‌ముసెన్ గారికి,

ప్రభువు పేరిట వందనాలు. మీరు ఇంట్లోనే సీసం కరిగించి రివాల్వర్ గుండ్లు పోస్తారని మా గుర్రాలకు నాడాలు వేసే మనిషి చెప్పాడు. నేను పాస్టరును కాను. వారమంతా రంపపు మిల్లులో పని, ఆదివారం వాక్యం చెప్పడం. మా మందిరం అడవి దారిలో రెండు మైళ్లు లోపల ఉంది. ఆ దారిలో గ్రిజ్లీ ఎలుగుబంటి తిరుగుతోందని జనం రావడం మానేశారు. పోయిన వారం మందిరంలో ఉన్నది నేను, నా భార్య, ఆమె దగ్గు. జూన్ నాటికి పదిమంది లేకపోతే తాళం వేస్తామని సంఘపెద్దలు తేల్చేశారు. నా దగ్గర నలభైనాలుగు క్యాలిబర్ రివాల్వర్ ఒకటి ఉంది. రాక్షసుడులాంటి గొల్యాతు మీదికి దావీదు ఐదు రాళ్లు ఏరుకున్నాడు. నాకు యాభై గుండ్లు పంపండి, ఉన్నవాటిలో బరువైనవి.

మీ ప్రార్థన కోరే
ఎజ్రా పెటిబోన్

తా.క. దావీదుకు ఒక్కటే సరిపోయింది. నా గురి మీరు చూడలేదు.

ఐడహో, ఏప్రిల్ 10

ఎజ్రా గారూ, నమస్కారం.

యాభై పంపాను. గొట్టంలో మందు పోసి, గుండు బిగించి తూటాలు మీరే కట్టుకుంటే ఒక్క మాట. గుండు బరువెక్కేకొద్దీ తుపాకిమందు తగ్గాలి. కొలతల పుస్తకంలోని అతి తక్కువ కొలతతో మొదలుపెట్టండి. తూటా మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కండి. లేకపోతే ఒకటి పేలిన అదురుకి మిగతా గుండ్లు ముందుకు జరిగి రివాల్వర్ చక్రం తిరగదు.

డెల్లా

తా.క. దారిలో పాడుతూ నడవండి. మా ఆయన పాడితే ఎలుగులే కాదు, పక్కింటివాళ్లూ వెళ్లిపోయారు.

కోల్డ్ ఫోర్క్, ఏప్రిల్ 17

సోదరికి వందనాలు.

మందు తగ్గించాలా? గొల్యాతు ఎదురుగా నిలబడితే వడిసెల సగమే తిప్పమన్నట్టుంది. పెద్ద గుండుకి పెద్ద విశ్వాసం కావాలమ్మా. ఎంత వాడినా పిండి తరగని సారెపతు విధవరాలు తూచి వాడిందా? నా భార్య టీ చెంచాతో ఆరు తూటాలకు నిండుగా పోశాను. మూతులు నొక్కలేదు. ఆదివారం కాల్చి చూస్తాను.

విశ్వాసంలో
ఎజ్రా

తా.క. రివాల్వర్ మా మామగారిది. ఆయనకింకా చెప్పలేదు.

ఐడహో, ఏప్రిల్ 20

ఎజ్రా గారూ,

కాల్చకండి. ముందు ఇది చదవండి, ప్రార్థన తర్వాత. బరువు గుండు వెనక ఒత్తిడి పేరుకుంటుంది. ఆ నిండు చెంచా ఎలుగుని కాదు, మీ చేతిని పట్టుకుపోతుంది. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమని మీ బైబిల్లోని సామెతల గ్రంథమే అంటోంది. అసలు త్రాసే లేనివాణ్ని ఏమంటాడో ఆలోచించండి. నా పాత త్రాసు పంపుతున్నాను. ఆ ఆరూ విప్పేయండి.

కంగారుతో
డెల్లా

తా.క. ఆ చెంచా మళ్లీ టీలో పెట్టకండి.

కోల్డ్ ఫోర్క్, జూన్ 5

నా చేయి కాపాడిన సోదరికి, ఆ చేత్తోనే వందనాలు.

మీ ఉత్తరం శనివారం అందింది. సామెతల్లోని ఆ మాట మీద నేనే మూడుసార్లు ప్రసంగించాను, సిగ్గుతో మోకాళ్లూనాను. ఆరూ విప్పి, తూచి, మూతులు నొక్కి కట్టాను. ఇక ప్రతి ఆదివారం తొమ్మిదింటికి దారి మొదట్లో తుపాకితో నిలబడతానని చాటించాను. మొదట నలుగురు, తర్వాత పదకొండు, నిన్న ఇరవైముగ్గురు. పెద్దలు తాళం మాట ఎత్తడం లేదు.

గుంపుగా నడవాలి కనుక ఆలస్యంగా వచ్చేవాడు లేడు. తిరిగి వెళ్లాలన్నా నా తుపాకే దిక్కు కనుక మధ్యలో లేచిపోయేవాడూ లేడు. నిన్న గంటా ముప్పావు ప్రసంగించాను. మిల్లు మేస్త్రీ చెయ్యెత్తి, "ఎజ్రా, ఆమెన్ ఎప్పుడంటావయ్యా? పొయ్యి మీద కోడి మాడుతోంది" అన్నాడు. ఇంకా యిర్మీయా ప్రవక్త మిగిలి ఉన్నాడన్నాను.

తిరుగుదారిలో ఎలుగు నిజంగానే ఎదురైంది, ముప్పై అడుగుల్లో. అందరూ నా వెనక నక్కారు. గుండెకాయ మీద గురి కుదిరింది. కానీ మందిరంలో నిండిన బల్లలు గుర్తొచ్చి నా వేలు ఆగింది. పక్కనున్న మట్టిగట్టులోకి కాల్చాను. అడవంతా దద్దరిల్లింది, అది పరుగెత్తింది. మరీ దూరం పోలేదని ఆశ.

కృతజ్ఞతతో
ఎజ్రా

తా.క. మరో వంద పంపండి. వీలైతే ఎలుగుని కొంచెం తక్కువ భయపెట్టేవి.