ఎరువుల దుకాణం చిరునామా

మిర్యాలగూడ
ఫిబ్రవరి 3

ప్రియమైన నాయినకు,

ఫోన్ చేస్తే రెండో మాటకే ఇద్దరం గొంతు పెంచుతాం కనుక ఉత్తరం రాస్తున్నాను. దుకాణంలో కూర్చోనని నేను ఇల్లు వదిలి మూడేళ్లయినా ఆ కోపం మనిద్దరికీ తగ్గలేదు.

జమునా అత్త ఇంట్లో పెళ్లికి ఎందుకు రాలేదని అడిగావట. రైస్ మిల్లు కూలీల ఛాతీ ఎక్స్‌రేల్లో దుమ్ము జబ్బును ముందే పసిగట్టే ప్రోగ్రాం రాస్తున్నాను. దానికి కావలసిన కంప్యూటర్ అమెరికా నుంచి రావాలి. అక్కడి సర్కారు అనుమతి లేనిదే కంపెనీ అమ్మదు. ఎవరు వాడతారు, ఎక్కడ పెడతారు, బాంబులేమైనా చేస్తారా అని నలభై పేజీలు నింపమన్నారు. నింపి ఐదు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ కిరాయికి తీసుకోవచ్చు గానీ, అప్పుడు ఎక్స్‌రేలు ఇంటర్నెట్‌లో వేరేవాళ్లకు పంపాలి. జబ్బు సంగతి బయటపడితే పనిలోంచి తీసేస్తారని కూలీల భయం. ఎక్స్‌రేలు నా చెయ్యి దాటవని మాటిచ్చాను. మార్చి ఆఖరులోగా అనుమతి రాకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది, పని ఖతం.

నీ హారిక

కోదాడ
ఫిబ్రవరి 12

చిరంజీవి హారికకు నాయిన దీవెనలు.

బాంబులు చేస్తావా అని నన్నడిగితే చెప్పేవాణ్ణి, మా పిల్లకు గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా భయమేనని.

మాకూ ఇక్కడ సుఖం లేదు. యూరియా కోసం లైన్లు, ఆపైన తనిఖీలు. పోయిన నెల మెడలో కార్డు వేసుకొని ఒకడు కారు దిగాడు. గోదాములో ఏముంది, కంప్యూటర్ ఎక్కడ పెడతారు అని ఒకటే ప్రశ్నలు. బిల్లుల సంగతి తవ్వడానికొచ్చిన విజిలెన్స్ వాడని పసిగట్టాను. "గీడ కంప్యూటరూ లేదు గింప్యూటరూ లేదు సారూ" అని పంపేశాను. నా దగ్గరా వాడి పప్పులుడికేది?

బుచ్చయ్య

మిర్యాలగూడ
ఫిబ్రవరి 17

నాయినా,

ఈసారి ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

వచ్చినవాడు విజిలెన్స్ కాదు, కంపెనీ పంపిన మనిషి. కిరాయి గది చెల్లదు, సొంత జాగా చూపమంటే దరఖాస్తులో నీ దుకాణం చిరునామా రాశాను. అడిగితే కాదంటావని నీకు చెప్పలేదు. అది నా తప్పే.

నిన్న కంపెనీ మెయిల్ వచ్చింది. అది ఎరువుల గోదాము, యూరియా బస్తాల మధ్య అంత కంప్యూటర్ ఎందుకు అని అడిగారు. యంత్రాన్ని ఇంకెక్కడికో దాటిస్తానని వాళ్ల అనుమానం. హారిక ఎవరో తెలియదని యజమాని చెప్పాడట. అంత మాట అన్నావా నాయినా?

ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మిల్లులో బస్తాలు మోసే వెంకటయ్య నిన్న వచ్చాడు. పది మెట్లెక్కలేక సగంలో కూలబడ్డాడు. "కంప్యూటర్ వచ్చిందా బిడ్డా, నా ఫొటో సూసినవా" అని అడిగాడు.

హారిక

కోదాడ
మార్చి 24

నా తల్లీ,

అన్నాను. "హారిక ఉందా" అని వాడు అడగగానే నిన్ను ఏ కేసులో ఇరికిస్తాడోనని భయపడ్డాను. "ఆ పేరుగల్ల మనిషి మాకెవ్వరూ లేరు సారూ" అన్నాను. ఆ పూట అన్నం సయించలేదు. నీకు రాయడానికి మొహం చెల్లక ఇన్నాళ్లూ పని చేసుకుంటూ పోయాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే గోదాము ఖాళీ చేశాను. బస్తాలన్నీ మన హమాలీ ఫకీరా ట్రాక్టర్‌లో నడిగూడెంలో అద్దెకు తీసుకున్న కొట్టుకు చేర్చాడు. ఫ్యాను వేస్తేనే గొణిగే నేను సూర్యాపేట నుంచి మనిషిని పిలిపించి ఏసీ పెట్టించాను. గడువు దాటకముందే, వాడిచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేసి ఆ కార్డువాణ్ణి మళ్లీ రప్పించాను. "హారిక ఎవరు" అన్నాడు. "నా బిడ్డ సారూ. గీ జాగ ఆమెదే" అని చెప్పి, అదే మాట సంజాయిషీగా కాగితం మీద రాసి సంతకం పెట్టి వాడి చేతికిచ్చాను.

నిన్న అనుమతి వచ్చింది, ఈ చిరునామాకే. అడుగున ఒక షరతు ఉంది. యంత్రం ఈ జాగా దాటి కదలకూడదు, దరఖాస్తు పెట్టినవాళ్లే దగ్గరుండి నడపాలి. మూడేళ్లు నేను బతిమాలితే కూర్చోనిదానివి, అమెరికా సర్కారు ఒక్క కాగితంతో నిన్ను నా దుకాణంలో కూర్చోబెట్టింది.

భయపడకు. కౌంటరు వైపు రానక్కర్లేదు. గోదాముకు వీధివైపు వేరే తలుపు పెట్టించాను, దాని తాళంచెవి నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది.

వచ్చేటప్పుడు వెంకటయ్యను వెంట తీసుకురా. ఇక్కడ మెట్లు లేవు.

నీ నాయిన
బుచ్చయ్య