మెట్ల కింద మీ సీసాలు

ఏమండీ, పైన మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ ఇంగ్లండులో, మన కోవెంట్రీలో నేను కులాసా. మీరు పోయి నేటికి మూడు నెలలు.

మీరు చివరగా కాచిన బెల్జియం నల్ల బీరు మెట్ల కింద అలమరలోనే ఉంది. గ్యాసు పట్టి సీసాలు పేలతాయేమోనని రోజూ మూతలు తీసి మళ్ళీ పెట్టాను. నిన్న మీ బీరు స్నేహితుడు ప్రసాదు వచ్చి ఒకటి తెరిస్తే, గ్యాసంతా పోయి నురగే రాలేదు. మీ చేతిపని పాడుచేశానని ఏడ్చాను.

"అక్కా, ఇదేమన్నా ఇడ్లీ పిండా, రోజూ మూత తీసి చూడ్డానికి!" అని నవ్వాడు. ఓ గుక్క తాగి, "రుచి బావగారిదే. నురగ నేను తెప్పిస్తాలే" అన్నాడు. మళ్ళీ పులిసి గ్యాసు పట్టేలా సీసాకింత చక్కెర వేసి మూతలు బిగించాడు. అతన్ని చల్లగా చూడండి.

భయంతో మళ్ళీ మూతలు తీసేస్తానేమోనని అలమర తాళం అతనికే ఇచ్చేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగింటికి తాళం తెస్తానన్నాడు.