పక్క సీట్లో దొరసాని

సముద్రపు ఒడ్డు, అద్దెగది
నవంబరు 12, బుధవారం

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీస్సులు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా పిల్లి దొరసానీ క్షేమం.

నేను ఫోన్ ఎత్తడం మానేశాననీ, కారు అమ్మేయమన్నందుకు నీ మీద అలిగాననీ, ఇక మన మధ్య మాటలే లేవా అనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఈ వయసులో నీకు స్టీరింగెందుకమ్మా అన్న పాత పాటా అందులో ఉంది. దానికి ఇంట్లో కూర్చుని జవాబు రాయడం నాకు నచ్చలేదు. అందుకే సముద్రం దాకా నేనే కారు నడుపుకుంటూ వచ్చి రాస్తున్నాను.

బయల్దేరే ముందు దొరసానికి తిండి పెట్టలేదు. నిండు కడుపుతో కారెక్కితే దానికి వాంతి. బుట్టలో పాత శాలువా పరిచి, బుట్టను పక్క సీటుకు బెల్టుతో బిగించాను. మొదటి మలుపు దాకా నోరు మూయలేదు. ఆ పైన, ఒకప్పుడు కాలేజీలో నా రసాయనశాస్త్ర పాఠం విన్న పిల్లల్లాగే హాయిగా కళ్లు మూసుకుంది.

ఊరు దాటాక ఉన్నట్టుండి లేచి, చెవులు రిక్కించి, స్టీరింగు కేసి అదే పనిగా చూడసాగింది. పురుగేదో దూరిందనుకున్నాను. టీ కోసం ఆగినచోట, వెనకే వస్తున్న లారీ డ్రైవరు దిగి వచ్చి, అమ్మగారూ, ఇంతకీ కుడికి తిరుగుతారా తిరగరా, వంతెన దగ్గర్నుంచి ఆ కుడి ఇండికేటరు లైటు కొట్టుకుంటూనే ఉంది, చూసి చూసి నా ప్రాణం విసిగింది అన్నాడు. తిరగాలనిపించినప్పుడు తిరుగుతాలే నాయనా అన్నాను. అతను బుట్టలోకి తొంగి చూసి, పోనీ ఈవిణ్ణయినా అడగండి, ఈవిడకి తెలిసినట్టే ఉంది అన్నాడు. ఇద్దరం నవ్వుకుంటూ టీ తాగాం.

ఇప్పుడు దొరసాని కిటికీలో కూర్చుని, ఇన్ని నీళ్లు ఎవరు ఒలకబోశారన్నట్టు సముద్రాన్ని చూస్తోంది. గది శుభ్రంగా ఉంది, గాలి బాగుంది. నాకే లోటూ లేదు.

కారు అమ్మను. నీ మీద అలగనూ లేదు.

నీ మేలు కోరే
అమ్మ

తా.క. మడిచిన ఉత్తరాన్ని మళ్లీ విప్పాను. దొరసాని చెవులు రిక్కించి విన్న ఆ లైటు టిక్కుటిక్కు నాకు వినబడలేదు. కొన్నాళ్లుగా ఫోన్లో నీ మాటలూ సరిగా వినబడటం లేదు. ప్రతిదానికీ ఏమిటీ, ఏమిటీ అనడం నామోషీ అనిపించి, ఎత్తడమే మానేశాను. నువ్వు దాన్ని అలక అనుకుంటే, చెవుడు కన్నా అలకే గౌరవంగా ఉందని ఊరుకున్నాను. నిన్న ఇక్కడి చెవి డాక్టరు దగ్గరికి నా అంతట నేనే వెళ్లి మిషన్ పెట్టించుకున్నాను. అది లేకుండా ఇక స్టీరింగు ముట్టుకోను. ఈ షరతు నాది, నీది కాదు. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. అరవనక్కర్లేదు.