చూసే భోజనం

ఫిబ్రవరి 6
అల్లవరం గెస్ట్‌హౌస్ విందు ఆర్డర్ ఓకే అయ్యింది. ఆర్ట్ హిస్టరీలో ఎం.ఏ. చేసి గరిటె పట్టుకుంటావా అని అమ్మ ఇప్పటికీ మొహం చిట్లిస్తోంది. ఆదివారం ఇది నిలబడితే రొయ్యల చెరువుల వాళ్ల ఫంక్షన్లన్నీ నావే. లేదంటే అమలాపురంలో డ్రాయింగ్ టీచర్ని. అమ్మ అప్పుడే స్కూల్లో మాట్లాడేసింది.

ఫిబ్రవరి 8
ప్లాన్ ఇది. పాత డచ్ పెయింటింగుల్లో ఉండే భోజనాల బల్ల, మన సరుకుతో. సగం ఒలిచిన నిమ్మకాయ బదులు దబ్బకాయ, తొక్క కిందకి వేలాడుతూ. ఒరిగిన గ్లాసు బదులు ఇత్తడి చెంబు. మధ్యలో పండుగప్ప చేప. ఇది చూడ్డానికే. తినడానికి అవే వంటలు పక్క గదిలో వేడివేడిగా. ఓనరు సూర్యప్రకాశరావు గారికి మళ్లీ మళ్లీ చెప్పాను. ఆయ్, ఆయ్ అన్నారు. విన్నట్టే ఉన్నారు.

ఫిబ్రవరి 9, ఉదయం 8
చేప ఉడికితే విరిగిపోతుంది. అందుకే పైపైన కాల్చాను, లోపల పచ్చి. మెరవడానికి సీసాడు హెయిర్ స్ప్రే. లైట్లు వేస్తే అచ్చం పెయింటింగే.

సాయంత్రం 5
నేను పక్క గదిలో అన్నం చూసుకుని వచ్చేసరికి అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. చుట్టాలు నిలబడి చూస్తుంటే సూర్యప్రకాశరావు గారికి మనసొప్పలేదట. ఎదురుగా భోజనం పెట్టుకుని తినండి అనకపోతే ఎలాగండీ అంటూ స్వయంగా వడ్డించేశారు. పొద్దుట్నుంచి లైట్ల కింద వెచ్చబడ్డ పచ్చి చేప. దాని మీద హెయిర్ స్ప్రే.
ఒక్కరూ ఉమ్మలేదు. ఆయన వియ్యపురాలు ఉమాదేవి గారు కళ్లనీళ్లతో మింగి, చాలా బాగుందమ్మా, ఏదో కొత్త పరిమళం అన్నారు. ఏం మర్యాదో, రోత పుట్టింది. ఆపండి, పచ్చిది అని నా నోటిదాకా వచ్చింది. అన్నానంటే ఇక ఆర్డర్లు రావని ఊరుకున్నాను.
వండినవాళ్లు తినకపోతే ఎలాగని నాకూ ఓ ముక్క వేశారు. తిన్నాను. బాగుందండి అన్నాను. ఛీ.

ఫిబ్రవరి 10
ఎవరికైనా ఏమైనా అయ్యిందేమోనని ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఎవరికీ ఏం కాలేదు. నాకే విరేచనాలు. ఏం తిన్నావే అని అమ్మ మజ్జిగ ఇస్తోంది. నా వంటే అని చెప్పలేదు.

ఫిబ్రవరి 12
ఉండబట్టలేక సూర్యప్రకాశరావు గారికి ఉన్నదంతా చెప్పేశాను. ఆయ్, అందుకేనాండీ ఆ వాసన అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, తిన్నవాళ్లు సిగ్గుపడతారట. వచ్చే నెల ఇంకో బల్ల పెట్టమన్నారు. ఆయన మీద కన్నా, సరేనన్న నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

మార్చి 9
ఈసారి బల్ల మీదే అసలు వంట. చేప బాగా ఉడికి విరిగింది. పెయింటింగ్ పోలికే లేదు. అందరూ మారు వేయించుకుని తిన్నారు.
వెళ్తూ ఉమాదేవి గారు నా చెయ్యి పట్టుకుని, పోయినసారి పరిమళం వెయ్యలేదేం అమ్మా అన్నారు.
సీసా అయిపోయిందండీ అన్నాను.